కొర్రమీనుకు థాంక్యూ

ఆ రోజుల్లో హైటెక్ సిటీ అంటే ఇప్పటిలా అద్దాల మేడలూ, వాటి మధ్య నత్తలకు దారిచ్చే కార్లూ కావు. బండరాళ్ళు, సీతాఫలం పొదలు, వాటి మధ్య నుంచి ఒక రోడ్డు, ఆ రోడ్డు చివర కొత్తగా లేచిన ఒక గుండ్రని భవనం. దాన్ని చూడటానికి జనం ఆదివారాలు పిల్లాజెల్లాతో, పులిహోర డబ్బాలతో వచ్చేవారు. మేమేమో అక్కడికి కాస్త దూరంలో, కొండాపూర్ వైపు, ఒక సిమెంటు కొట్టు పైన రెండు గదుల్లో కూర్చుని, "మేము హైటెక్ సిటీలో చేస్తున్నాం" అని ఇంటికి ఉత్తరాలు రాసేవాళ్ళం. (సిమెంటు కొట్టు సంగతి రాసేవాళ్ళం కాదు.) రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నిటికీ మతిపోతుందని లోకమంతా హడలిపోతున్న కాలం. రెండంకెల సంవత్సరాలు ఎక్కడున్నాయో వెతికి, వాటి ముందు పందొమ్మిది తగిలించడం నా ఉద్యోగం. ఇంత చదువూ చదివింది ఇందుకా అని మా ఊళ్ళో ఎవరూ అడగలేదు. నేను చేసేదేమిటో వాళ్ళకు అర్థం కాలేదు. నిజం చెప్పొద్దూ, నాకూ అంతంతమాత్రమే.

మా యజమానిని మేం చాటున కమిట్‌మెంట్ గారు అని పిలుచుకునేవాళ్ళం. కొన్నేళ్ళు విదేశంలో ఉద్యోగం చేసి, తిరిగొచ్చి సొంతంగా కంపెనీ పెట్టుకున్న మనిషి. ప్రోగ్రాము ఆగినా, టీ చల్లారినా, ఫ్యాను తిరక్కపోయినా "కమిట్‌మెంట్ లేదయ్యా!" అని నిట్టూర్చేవారు. ఆయనకు రెండు బలహీనతలు. ఒకటి, అబద్ధం ఆడటం రాకపోవడం. పని పూర్తయిందా అని విదేశం నుంచి క్లయింటు ఫోను చేస్తే, "సగం అయిందండి, ఆ సగంలోనూ తప్పులున్నాయి" అని చెప్పేసేవారు. మేం నోట్లో గుడ్డలు కుక్కుకునేవాళ్ళం. రెండోది, చేపలు పట్టడం. ఆయన ఉండొచ్చిన ఊళ్ళో నదికి ఆనకట్ట కడితే దాని వెనకాల సముద్రమంత జలాశయం ఏర్పడిందట, అందులో బాస్ అనే చేప ఉంటుందట, చలికాలంలో దాన్ని పట్టడం తపస్సు చేయడం లాంటిదట. ఆ తపస్సుకు కావలసిన కర్రలూ, దారపు చక్రాలూ, పెట్టెడు రబ్బరు కప్పలూ వెంట తెచ్చుకుని ఆఫీసు బీరువాలో దాచుకున్నారు. మాకు ఫైళ్ళు పెట్టుకోవడానికి బీరువా ఎప్పుడూ దొరకలేదు.

ఒక శుక్రవారం సాయంత్రం ఆయన మా గదిలోకొచ్చి, "మనకిక్కడ బాస్ లేదు గానీ, దాని మేనత్త కొడుకులాంటి కొర్రమీను ఉంది. ఆదివారం గండిపేట వెళ్తున్నాను. మీలో చేపలు పట్టడం ఎవరికొచ్చు?" అని అడిగారు. గదిలో అందరి తలలూ ఒక్కసారి నావైపు తిరిగాయి. నేను గోదావరి జిల్లావాణ్ణి. "మాది గోదావరేనండీ," అన్నాను ఛాతీ కాస్త ముందుకు తోసి. చూడండి, వచ్చని అనలేదు, రాదనీ అనలేదు. అసలు సంగతేమిటంటే మా ఇల్లు బస్టాండు వెనకాల. గోదావరి చూడాలంటే మేమూ టిక్కెట్టు కొనుక్కుని బస్సెక్కాల్సిందే. నాకు తెలిసిన చేప పళ్ళెంలో ఉండే చేప ఒక్కటే. కానీ నా ప్రొబేషన్ ఆ వారంతో ముగుస్తోంది. నన్ను ఉంచాలా, ఊరికి పంపాలా అనే కాగితం మీద ఆయన సోమవారం సంతకం పెట్టాలి. అలాంటప్పుడు, ఆయన చేపలు పడదామంటే చేపలు, పాములు పడదామంటే పాములు.

ఇంతటితో ఊరుకుంటే నేను నేనెలా అవుతాను? ఆ రాత్రి మూసాపేటలో నా గదికి చేరగానే ఈ వార్త మా ఇంటి ఓనరమ్మకు చేరవేశాను. ఆవిణ్ణి మొదట్లో ఆంటీ అనేవాణ్ణి. "ఆంటీ గీంటీ ఏంది, నోరారగ పెద్దమ్మ అను," అని గదమాయించి మార్పించింది. పెళ్ళికాని కుర్రాడికి గది కిరాయికివ్వాలంటే ఊరంతా ముఖం తిప్పుకునే రోజుల్లో, నా మొహం చూసి "పాపం, సక్కగ తింటున్నట్టు లేడు" అని గది ఇచ్చిన తల్లి. ఆవిడకు జీవితంలో ఒకే ఒక్క బాధ ఉండేది. అది జీడిమెట్లలో ఉండేది. ఆవిడ అక్క మొగుడు. మందుల ఫ్యాక్టరీలో ఫోర్‌మెన్. ఆ వాసనల మధ్య ఏళ్ళతరబడి పనిచేసి ఆయన ముక్కు పూర్తిగా పడిపోయింది. మల్లెపువ్వుకూ మురిక్కాలవకూ తేడా తెలిసేది కాదు. అయినా వచ్చినప్పుడల్లా పెద్దమ్మ వంటకు వంక పెట్టకుండా చెయ్యి కడిగేవాడు కాదు. ఆ ఆదివారం సాయంత్రం అక్కా బావా భోజనానికి వస్తున్నారట. "మీ ఇంట్ల ఏముంటది, ఐసుల పెట్టిన చాపలే గద," అని పోయినసారి అన్న మాట పెద్దమ్మ గుండెలో ముల్లులా ఉండిపోయింది. ఆ ముల్లు చూసి ఆగలేకపోయాను. "పెద్దమ్మా, మీరు మార్కెట్‌కి వెళ్ళకండి. ఆదివారం గండిపేట నుంచి బతికున్న చేప నేను తెస్తానండి. మాది గోదావరండీ!" అనేశాను. పెద్దమ్మ నన్ను కింది నుంచి పై దాకా ఒకసారి చూసి, "మా బావకు ఫోన్ జేసి చెప్పాల్నా మరి?" అంది. చెప్పమన్నాను. పక్కింటి ఫోన్లో, వీధి చివరి వరకూ వినిపించేలా చెప్పింది కూడా.

ఆదివారం తెల్లారగట్ల కమిట్‌మెంట్ గారి మారుతీ వ్యాను మా సందు మొదట్లో ఆగింది. కోస్తావాడికి హైదరాబాదు చలి ఎలా ఉంటుందో అనుభవించిన కోస్తావాళ్ళకే తెలుసు. రెండు చొక్కాలు, వాటిమీద స్వెట్టరు, నెత్తిన కోతిటోపీ, చేపకోసం భుజాన పెద్ద సంచీ. నన్ను చూసి డ్రైవరన్న, "గండిపేట పోతున్నమా, కాశీ పోతున్నమా తమ్మీ?" అన్నాడు. అతనిది ఆ దగ్గర ఊరే. ఇంట్లో భార్యకు మసాలా నూరి పెట్టమని చెప్పి మరీ వచ్చాడట. అంటే ఆ వ్యాను తెచ్చే చేపల కోసం రెండిళ్ళలో పులుసు గిన్నెలు ఎదురుచూస్తున్నాయన్నమాట.

గండిపేట దగ్గర నీళ్ళమీద పొగమంచు ఇంకా లేవలేదు. మూసీకి అడ్డంగా కట్టిన ఆ గట్టు ఒక చివర కనిపించి, రెండో చివర మంచులో మాయమైపోయింది. కొంగ ఒకటి ఒంటికాలిమీద నిలబడి మమ్మల్ని చూసి, పోటీ కాదని తేల్చుకుని మళ్ళీ నీళ్ళవైపు తిరిగింది. కమిట్‌మెంట్ గారు రబ్బరు కప్పను తీసి దారానికి కట్టారు. ఆకుపచ్చ ఒళ్ళు, పసుపు పొట్ట, తళతళలాడే కళ్ళు. డ్రైవరన్న ముందు నమ్మలేదు. "సార్, మా తాన చాపలు గింత పిచ్చివా?" అన్నాడు. ఆయన కర్ర వెనక్కెత్తి దారం విసిరారు. కప్ప వెళ్ళి తామరాకుల పక్కన పడింది. ఆయన చక్రం తిప్పుతుంటే అచ్చం బతికున్నదానిలా నీళ్ళమీద గంతులేసుకుంటూ వచ్చింది. నాలుగోసారో ఐదోసారో నీళ్ళు ఒక్కసారి పగిలినట్టయి కప్ప లోపలికి పోయింది. కాసేపు పెనుగులాట. ఆయన చేతుల్లోకి నల్లగా, బలంగా, మోచేతి దాకా ఉన్న కొర్రమీను వచ్చింది. డ్రైవరన్న ఆనందంతో తువ్వాలు ఎగరేశాడు. నేను సంచీ మూతి విప్పి పట్టుకున్నాను.

కమిట్‌మెంట్ గారు మెల్లగా గేలం తప్పించి, చేపను కళ్ళెదుట పెట్టుకుని, "థాంక్యూ," అన్నారు. ఆ మాట మాకు కాదు, చేపకు. తర్వాత వంగి దాన్ని నీళ్ళలో వదిలేశారు.

డ్రైవరన్న కెవ్వుమన్నాడు. "అయ్యో సార్! జారిందా?" అంటూ ప్యాంటు మడిచి నీళ్ళలోకి దిగబోయాడు. "జారలేదయ్యా, వదిలాను," అన్నారాయన ప్రశాంతంగా. "ఇది ఆట. పట్టాలి, థాంక్యూ చెప్పాలి, వదిలేయాలి. తినడానికి పట్టేది వేరు. నా కర్రతో పట్టిన ఏ చేపా వంటింటికి పోదు. అదే కమిట్‌మెంట్." డ్రైవరన్న నావైపు తిరిగి, చిన్న గొంతుతో, "పెట్రోల్ పోసుకోని, సలిల వణుక్కుంట వచ్చి, దొరికినదాన్ని ఇడిచిపెట్టుడేంది తమ్మీ? సార్‌కి పానం మంచిగనే ఉందా?" అన్నాడు. నేను సంచీ మూతి మెల్లగా మూసేశాను. మూసాపేటలో చింతపండు నానుతూ ఉంటుంది. వీధి వీధంతా విన్న ఫోను మాట చెవుల్లో మోగుతోంది. పెద్దమ్మ పరువు, దాంతోపాటు నా గది, ఆ నీళ్ళలో ఈదుకుంటూ వెళ్ళిపోతున్నాయి.

ఆ తర్వాత ఆయన కర్ర నా చేతికిచ్చి, "ఇక గోదావరి చెయ్యి చూపించు," అన్నారు. మొదటిసారి విసిరితే కప్ప వెనక్కు వెళ్ళి సర్కారు తుమ్మ చెట్టెక్కింది. రెండోసారి డ్రైవరన్న మఫ్లరు పట్టింది. (ఇంతవరకూ నేను పట్టినవాటిలో అదే పొడుగైనది.) మూడోసారి నా కోతిటోపీ నీళ్ళపాలైతే దాన్నే గేలంతో పట్టి, పిండి, మళ్ళీ పెట్టుకున్నాను. ఆయన పాపం కోప్పడలేదు. "మీ గోదావరిలో పద్ధతి వేరేమో," అన్నారంతే. ఎండెక్కింది. పొద్దు నడినెత్తికొచ్చి దిగింది. చేతులు పడిపోయాయి. ఇక లాభం లేదనుకుంటూ, చూపు కొంగమీదే పెట్టి చక్రం తిప్పుతున్నానా, కర్ర విల్లులా వంగిపోయింది. "తమ్మీ! ఇడవకు! ఇడవకు!" అని డ్రైవరన్న. "దారం వదులు! వదులు!" అని కమిట్‌మెంట్ గారు. నేను ఇద్దరి మాటా వినలేదు, దండకం చదువుకుంటూ బురదలో కూలబడ్డాను. ఎలా వచ్చిందో వచ్చింది. నా ఒళ్ళో పడింది. ఆయన పట్టినదానికి రెట్టింపుంది.

అంత అందమైనదాన్ని నేను అంతకుముందు చూడలేదు. చూస్తున్నంతసేపూ నా కళ్ళకది ముక్కలు ముక్కలుగానే కనిపించిందనుకోండి, అది వేరే సంగతి. తల పులుసుకు, నడుము వేపుడుకు. కమిట్‌మెంట్ గారు కెమెరా తీసి, చేపను ఎత్తి పట్టుకోమని ఫోటో తీశారు. తర్వాత భుజంమీద చెయ్యివేసి, "ఇక థాంక్యూ చెప్పు," అన్నారు. నేను ఆఖరి ప్రయత్నం చేశాను. "దీనికి మూతి దగ్గర దెబ్బ తగిలిందండీ. వదిలినా బతకదేమోనండీ, పాపం." ఆయన వంగి చూసి, "నీకున్న దయ ఎవరికీ ఉండదయ్యా. నీళ్ళలో పెట్టు, బతుకుతుంది," అన్నారు. ఆయన కళ్ళలో మెప్పు. ఆ మెప్పు వెనకాల సోమవారం సంతకం. చేపను రెండు చేతులతో నీళ్ళలోకి దించాను. పారిపోతుందనుకున్నాను. పోలేదు. కాసేపు నా అరచేతుల్లోనే ఉండి ఊపిరి పీల్చుకుంది. దాని గుండె కొట్టుకోవడం నా వేళ్ళకు తెలిసింది. "థాంక్యూ అండీ," అన్నాను. ఆ అండీ ఎందుకొచ్చిందో తెలీదు, పెద్దచేప కదా, మర్యాదగా అనిపించింది. చేతులు తెరిచాను. తోక ఒక్కసారి ఊపి వెళ్ళిపోయింది. ఒక్క క్షణం, నిజంగా ఒకే క్షణం, నాకు ఎంత హాయిగా అనిపించిందంటే, ఉద్యోగమూ గదీ రెండూ మర్చిపోయాను. ఆ వెంటనే చింతపండు గుర్తొచ్చింది.

తిరుగు ప్రయాణంలో నేనొక పథకం వేశాను. మూసాపేట చౌరస్తాలో దిగిపోయి, ఏ కొట్టయినా తెరిచుంటే ఏదో ఒక చేప సంచీలో పడేసుకుని ఇంటికి పోవడం. "ఇక్కడ దింపేయండి సార్, నడిచిపోతానండీ," అన్నాను. "తడిసిన బట్టలతో ఎలా వెళ్తావయ్యా, ఇంటి దగ్గరే దింపుతాం," అని ఆయన వినలేదు. మంచితనం ఒక్కొక్కప్పుడు ఎంత ప్రాణం తీస్తుందో ఆ రోజే తెలిసింది. సందులోకి తిరగ్గానే ఎక్కడినుంచో చేపల పులుసు వాసన ఘుమఘుమలాడుతూ వచ్చింది. ఎవరింటి అదృష్టమో అనుకుని ఏడుపు మింగాను. మా ఇంటి ముందు వరండాలో కుర్చీ వేసుకుని జీడిమెట్ల బావగారు కూర్చునే ఉన్నాడు. గుమ్మంలో పెద్దమ్మ. ఆవిడ కళ్ళు ముందు నా మొహంమీద, తర్వాత ఊరికే వేలాడుతున్న నా సంచీమీద పడ్డాయి.

నేను నోరు తెరవబోయాను. పెద్దమ్మ మూడంగల్లో వచ్చి నా భుజమ్మీది సంచీ లాగేసుకుంది. లాగేసుకుని, దాని బరువుకు నడుం వంగిపోయినట్టు వంగి, "అవ్వో! గింత బరువేంది బిడ్డా! ఎట్ల మోసినవ్!" అని కేక వేసి, రెండు చేతులతో మోసుకుంటూ లోపలికి నడిచింది. సంచీలో ఉన్నది తడిసిన నా స్వెట్టరు. నేను పిచ్చివాడిలా వెనకాలే వంటింట్లోకి పోయాను. పొయ్యిమీద రవ్వచేపల పులుసు అప్పటికే దగ్గరపడి కుతకుతలాడుతోంది. పక్కనే పెద్దమ్మ వాళ్ళక్క కూర్చుని కొత్తిమీర తుంచుతూ నవ్వాపుకుంటోంది. సందంతా నిండిన ఆ వాసన మాదే! వరండాలో ముక్కులేని ఆ బావగారొక్కడికే తెలియలేదు.

"పెద్దమ్మా, ఇదెలా..." అన్నాను. "సప్పుడు చెయ్యకు," అంది గరిటె చూపించి. "పొద్దుగాలనే మా తమ్మునితోని తెప్పించిన. కంప్యూటర్ కొట్టే చేతులకు చాప వడ్తదని నేను నమ్మిన్నా? జర మొకం కడుక్కోని, చాప పట్టినోని లెక్క బయట కూసో."

బయటికొచ్చేసరికి కమిట్‌మెంట్ గారు వెళ్ళిపోలేదు. తినకుండా పంపేది లేదని పెద్దమ్మ అక్క ఆయన్నీ డ్రైవరన్ననీ లోపలికి పిలిచేసింది. అబద్ధం ఆడటం రాని మనిషి, నేను చేపను వదలడం కళ్ళారా చూసిన మనిషి, ఇప్పుడు ఆ చేప పులుసుకే కూర్చున్నాడు! టీలూ మిర్చిబజ్జీలూ ఇచ్చి, వంట అవడానికి పట్టేంత సేపు అటూ ఇటూ తిరిగి, పెద్దమ్మ విస్తళ్ళు వేసింది. బావగారు మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. వంక ఏదీ దొరకలేదు. దొరక్కపోయేసరికి నామీద పడ్డాడు.

"ఏం పిల్లగా, ఎర ఏం పెట్టినవ్?"

"రబ్బరు కప్పండీ."

బావగారి మొహం వెలిగిపోయింది. "రవ్వ చాప పిండిముద్దకొస్తది గని కప్పకెట్ల వస్తది? గదీ రబ్బరు కప్పకు! గిది మార్కెట్ చాపనే. మరదలా, నన్నే ఉల్లు జేస్తున్నవా?"

పెద్దమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. ఎప్పుడూ ఎవరిముందూ దిగని ఆవిడ చూపు నేలమీదికి దిగింది. నాకది చూడటం చేతకాలేదు. నా గొప్పలవల్లే కదా ఇదంతా! తప్పు నాదేనని చెప్పేద్దామని లేవబోయాను. ఇంతలో డ్రైవరన్న గొంతులో ముద్ద అడ్డంపడి దగ్గడం మొదలుపెట్టాడు. ఆ దగ్గులోంచి కమిట్‌మెంట్ గారి గొంతు వినిపించింది.

"పట్టాడండీ," అన్నారు, విస్తట్లోంచి తలెత్తకుండా. "నేను పక్కనే ఉన్నాను. ఇంత చేప. రబ్బరు కప్పకే పడింది. నా కళ్ళతో చూశాను. ఫోటో కూడా తీశాను, కడిగించి పంపిస్తాను."

ఆయన మొహం చూస్తే ఆయన అబద్ధమాడే మనిషి కాదని జీడిమెట్ల వరకూ తెలుస్తుంది. బావగారు నోరు మూసి, మళ్ళీ తెరిచి, చివరికి విస్తరి ముందుకు జరిపి, "ఇంకింత పులుసు పొయ్యి మరదలా," అన్నాడు. పెద్దమ్మ పోసింది. ఎంత పోసిందంటే అన్నం తేలింది. తర్వాత కొంగుతో కళ్ళొత్తుకుని, కారం ఎక్కువైందంది.

వ్యాను దగ్గరకు సాగనంపడానికి వెళ్ళాను. "ఏమయ్యా, ఆ సంచీలో ఏముంది?" అని అడిగారాయన. "స్వెట్టరండీ." "అనుకున్నాను." వ్యాను తలుపు తీస్తూ, "నేను అబద్ధం చెప్పలేదు సుమా. నువ్వు పట్టావు, నేను చూశాను. అది పులుసులోకి ఎలా వచ్చిందని ఆయన నన్ను అడగలేదు," అన్నారు. "మరి వంటింటికి చేప పోకూడదన్నారు, మీరు మూడుసార్లు వడ్డించుకున్నారేంటండీ?" అని నాలిక చివరదాకా వచ్చింది. ఆయనకే తెలిసిందేమో, "పట్టింది తినకూడదు గానీ, అంత ప్రేమగా పెట్టింది తినకపోతే ఎలాగయ్యా," అన్నారు. డ్రైవరన్న చేతిలో వాళ్ళావిడ కోసం పెద్దమ్మ కట్టిచ్చిన గిన్నె ఉంది. సోమవారం నా కాగితం మీద సంతకం పడింది.

ఫోటో వచ్చాక పెద్దమ్మ దానికి ఫ్రేము కట్టించి ముందుగదిలో తగిలించింది. బావగారు వచ్చి దాన్ని చాలాసేపు చూసి, "చాప నల్లగున్నదేంది?" అని అడిగాడట. "పులుసుల ఉడికినంక తెల్లగయింది బావా," అందట పెద్దమ్మ.

గండిపేట నీళ్ళు తాగినవాడు ఈ ఊరు విడిచిపెట్టలేడంటారు. రెండేళ్ళుండి పోదామని వచ్చిన నేను ఇక్కడే జుట్టు నెరిపించుకున్నాను. మొన్నామధ్య మెట్రో దిగి మూసాపేటలో పెద్దమ్మను చూడ్డానికి వెళ్ళాను. బావగారు లేరిప్పుడు. "ఉంటే మంచిగుండు, ఎవ్వలూ వంక పెడ్తలేరు," అంది పెద్దమ్మ. మనవరాలికి ఫోటో చూపించి, "గీ మామ పట్టుకొచ్చిన చాపనే. ఆ రుచి మళ్ళ రాలే," అని చెప్పింది. నన్ను చూసి కన్ను కొడుతుందేమోనని చూశాను. కొట్టలేదు. ఇన్నేళ్ళలో ఆవిడకూ అదే నిజమైపోయింది. నేనూ దిద్దలేదు. "అవును పెద్దమ్మా, ఏం రుచి!" అన్నాను.

ఆ ఫోటోలో ఒక బక్క కుర్రాడు, తడిసిన కోతిటోపీతో, పెద్ద కొర్రమీనును ఎత్తి పట్టుకుని ఉంటాడు. కళ్ళలో నీళ్ళు. ఆనందబాష్పాలని చూసినవాళ్ళంతా అంటారు. వాడు ఉద్యోగం గురించీ, గది గురించీ, ఎక్కడో నానుతున్న చింతపండు గురించీ బెంగపడుతున్నాడని నాకొక్కడికే తెలుసు. వాణ్ణి చూసినప్పుడల్లా ఆ గట్టుమీదికి వెళ్ళి, భుజంమీద చెయ్యివేసి చెప్పాలనిపిస్తుంది. ఏడవకురా బాబూ, చేపను వదిలెయ్. మూసాపేటలో పులుసు ఎప్పుడో పొయ్యెక్కింది.